ఎవరు చేసిన పాపము?
వలస వెళ్ళినవారి రక్తములో హెపటైటిస్ బి

మేము ఎరిగిన ఒక గ్రామ సంఘములో కొంతకాలము క్రిందట జరిగిన సంగతి ఇది. పేర్లు వ్రాయడము లేదు. ఆ కుటుంబము ఆ ఊరిలోనే ఉన్నది, ఆ సంఘములోనే ఉన్నది.

ఆ ఇంటి పెద్ద కుమారుడు గల్ఫుకు వెళ్ళాలనుకొన్నాడు. ఉన్న కొద్దిపాటి పొలము తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టారు. పట్నము వెళ్ళి మెడికల్ చేయించుకొని రమ్మన్నారు. వారము తిరగక ముందే కాగితము వచ్చింది. దాని మీద 'అన్ ఫిట్' అని వ్రాసి ఉన్నది. కారణము అడిగితే 'హెపటైటిస్ బి' అన్నారు. ఆ యువకునికి జ్వరము లేదు, కామెర్లు లేవు. ధాన్యము బస్తాను ఒంటి చేత్తో భుజానికెత్తుకొనే మనిషి.

ఆ కబురు ఊరికి చేరేసరికి దాని రూపము మారిపోయింది. "ఇంతకుముందు రెండేళ్ళు బొంబాయిలో ఉన్నాడు కదా, అక్కడ ఎలా తిరిగాడో" అన్నారు. చెల్లెలికి కుదిరిన సంబంధము ఆగిపోయింది. ఆ నెల మొదటి ఆదివారము ప్రభు బల్ల వద్ద అతడు మోకరించినప్పుడు, ప్రక్కనున్న ఇద్దరు మెల్లగా లేచి వేరొక వరుసలోనికి వెళ్ళారు. ఆ రోజు మేము ఆ ఆరాధనలో ఉన్నాము. చూచి కూడ మేము ఏమీ అనలేదు. ఆ మౌనము కొరకు ఈనాటికీ ప్రభువు ఎదుట సిగ్గుపడుచున్నాము.

తరువాత ఒక డాక్టరు గారి సలహా మీద ఇంటిల్లిపాదికి రక్తపరీక్ష చేయించారు. తల్లికి ఉన్నది. రెండవ కుమారునికి ఉన్నది. తండ్రికి, కూతురికి లేదు. ఆ తల్లి పాస్టరు గారి ఇంటికి వచ్చి గుమ్మములోనే కూలబడి, "అయ్యగారూ, నా బిడ్డలకు ఈ రోగము నేనే పెట్టానా? నేనేమి పాపము చేశానయ్యా?" అని అడిగింది.

పుట్టుగ్రుడ్డివానిని చూచిన శిష్యులు కూడ ప్రభువును ఇటువంటి ప్రశ్ననే అడిగారు. పాపము వీనిదా, కన్నవారిదా అన్నారు. ప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు, ఆ మనిషికి చూపునిచ్చే పనికి పూనుకొన్నాడు. ఆ తల్లి ప్రశ్నకు వైద్యశాస్త్రము ఇచ్చే జవాబు కూడ ఆ వైపుకే నడుస్తుంది. ఆ జవాబు ముఖ్యముగా దేశాలు విడిచి వెళ్ళిన వలస ప్రజల రక్తమును పరీక్షించడము వలన స్పష్టపడింది. అందుకే ఈ నెల ఆ సంగతులను మన కుటుంబాల ముందు ఉంచుచున్నాము.

ఈ వైరస్ సంగతి

మన పల్లెలలో కామెర్లన్నిటినీ ఒకే గాట కట్టడము అలవాటు. హెపటైటిస్ బి ని కొన్నిచోట్ల తెల్లకామెర్లు అంటారు. నీటి ద్వారా వచ్చే కామెర్లు వేరు, ఇది వేరు. ఇది రక్తము ద్వారా, శరీర ద్రవాల ద్వారా కాలేయములోనికి చేరే వైరస్.

దీనిని కనుగొన్న చరిత్రలోనే దూరదేశపు మనుష్యులు ఉన్నారు. బరూక్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వేరువేరు జాతుల ప్రజల రక్తమును పోల్చి చూస్తూ ఉండగా, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తములో ఒక కొత్త పదార్థము కనబడింది. 1965లో దానిని 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అనే పేరుతో ప్రకటించారు. అది హెపటైటిస్ బి వైరస్ పై పొర అని తరువాత తేలింది. బ్లంబర్గ్ గారికి 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన జన్మదినమైన జూలై 28వ తేదీనే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినముగా పాటిస్తున్నారు.

ఈ వైరస్ తల్లి నుండి బిడ్డకు కాన్పు సమయములో సోకుతుంది. చిన్న పిల్లల మధ్య పుండ్లు, గాయాల ద్వారా సోకుతుంది. సరిగా శుభ్రము చేయని సూదులు, ఒకరికి వాడిన క్షవరము కత్తి, పచ్చబొట్టు సూది, పరీక్ష చేయకుండా ఎక్కించిన రక్తము వలన సోకుతుంది. స్త్రీపురుషుల కలయిక వలన కూడ సోకుతుంది. ఊరిలో అందరికీ తెలిసినది ఈ చివరి మార్గమొక్కటే. అందుకే అపనింద అంత త్వరగా పుడుతుంది.

అసలు లెక్క చూడండి. పుట్టినప్పుడు, లేక మొదటి సంవత్సరములో ఈ వైరస్ సోకిన బిడ్డలలో నూటికి 90 మందికి అది శరీరములో స్థిరపడిపోతుంది. ఆరోగ్యముగా ఉన్న పెద్దవారికి సోకితే, నూటికి 95 మంది శరీరము దానిని కొన్ని నెలలలో తానే తరిమివేస్తుంది. అంటే ముప్పై ఏళ్ళ మనిషి రక్తములో ఈ వైరస్ స్థిరముగా కాపురముంటే, అది ఊహ తెలియని వయస్సులో వచ్చి ఉండడానికే అవకాశము ఎక్కువ. బొంబాయి మీద నింద వేసేవారు ఈ లెక్క ఎరుగరు.

వైరస్ కు కూడ యాస ఉన్నది

ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకొంటున్న పేతురును అక్కడివారు ఎలా గుర్తుపట్టారు? అతని గలిలయ మాట తీరును బట్టి గదా! మనలో కూడ ఒక మనిషి నోరు తెరిస్తే గోదావరి జిల్లావాడో, కడపవాడో, కరీంనగరువాడో చెప్పేస్తాము. హెపటైటిస్ బి వైరస్ కు కూడ అటువంటి యాస ఉన్నది.

ఈ వైరస్ చాలా చిన్నది. దాని జన్యువును వ్రాస్తే దాదాపు 3,200 అక్షరాలు మాత్రమే వస్తాయి. రెండు వైరసుల మధ్య ఆ అక్షరాలలో నూటికి ఎనిమిదికి మించి తేడా ఉంటే వాటిని వేరువేరు తెగలుగా లెక్కిస్తారు. శాస్త్రజ్ఞులు వీటిని జీనోటైపులు అంటారు. 1988లో జపాను పరిశోధకులు ఎ, బి, సి, డి అనే నాలుగు తెగలను గుర్తించారు. తరువాత ఇ, ఎఫ్, జి, హెచ్ కూడ చేరి ఎనిమిది అయినవి. మరి రెండింటిని కూడ కొందరు ఈ వరుసలో చేర్చుతారు. పాఠకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. హెపటైటిస్ ఎ, బి, సి అనేవి వేరువేరు వ్యాధులు. ఇక్కడ చెప్పుచున్న అక్షరాలు మాత్రము హెపటైటిస్ బి అనే ఒక్క వైరస్ లోపలి తెగలు.

వరిలో ఒక్కొక్క రకము ఒక్కొక్క నేలకు అలవాటైనట్లు ఈ తెగలకు కూడ సొంత ప్రాంతాలున్నవి. ఎ తెగ ఉత్తర ఐరోపాలోను, అమెరికాలోను, ఆఫ్రికాలోను, కొంత మన దేశములోను ఉన్నది. బి, సి తెగలు చైనా, కొరియా, జపాను, వియత్నాం వైపు ఎక్కువ. కొరియాలో దాదాపు అందరిదీ సి తెగయే. డి తెగ మధ్యధరా సముద్ర తీరము, పశ్చిమాసియా, మన భారతదేశములో ఎక్కువ. ఇ తెగ పశ్చిమాఫ్రికాది. ఎఫ్, హెచ్ తెగలు అమెరికా ఖండాల ఆదివాసులవి. మన దేశములో ఎక్కువ మందికి ఉన్నది డి, ఆ తరువాత ఎ. తూర్పు, ఈశాన్య రాష్ట్రాలలో సి కూడ కనబడుతుంది.

మనిషి ఊరు విడిచి వెళ్ళినప్పుడు మూటా ముల్లె, భాష, పాటలతో పాటు ఈ వైరస్ కూడ వెంట వెళ్తుంది. 2003లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ దేశములోని 17 వైద్య కేంద్రాలలో దాదాపు 700 మంది రోగుల రక్తమును పరీక్షించారు. ఆసియా నుండి వచ్చినవారిలో ఎక్కువగా బి, సి తెగలు కనబడినవి. తెల్లవారిలో, నల్లవారిలో ఎక్కువగా ఎ తెగ కనబడింది. రోగి పుట్టిన దేశానికి, అతని వైరస్ తెగకు దగ్గర సంబంధమున్నదని తేలింది.

దీని అర్థమేమిటి? కొరియా నుండి వచ్చి ఏళ్ళ తరబడి లాస్ ఏంజలీసులో అంగడి నడుపుకొన్న మనిషి రక్తములో కొరియా తెగయే ఉంటుంది. ఒక్క మనిషి విషయములో తెగను మాత్రమే చూచి తీర్పు చెప్పలేము. కాని వేలమంది విషయములో అది ఒకే సాక్ష్యము పలుకుచున్నది. వలసవచ్చినవారు ఎక్కువమంది ఈ వైరస్ ను కొత్త దేశములో చెడు తిరుగుళ్ళు తిరిగి తెచ్చుకోలేదు. తల్లి ఒడిలోనో, చిన్ననాటి ఆటలలోనో, శుభ్రము లేని సూది వలననో పుట్టిన గడ్డ మీదనే పొందారు.

బానిస ఓడలు చెప్పే కథ

ఈ తెగల చరిత్రలో మనస్సును కదిలించే సంగతి ఒకటున్నది. పశ్చిమాఫ్రికాలో నేడు ఎక్కడ చూచినా ఇ తెగయే. ఆ తీరము నుండే శతాబ్దాల తరబడి లక్షలాది ప్రజలను గొలుసులతో బంధించి ఓడలలో అమెరికా ఖండాలకు తీసుకొని వెళ్ళి అమ్మివేశారు. అయితే వారి సంతతివారు నివసించే హైతీ దేశములో పరీక్షించినప్పుడు ఎ తెగయే ఎక్కువగా కనబడింది, ఇ తెగ బహు అరుదు. ఈ సంగతి 2009లో ప్రకటించారు. దీనిని బట్టి, బానిస ఓడలు ఆగిన తరువాతనే ఇ తెగ పశ్చిమాఫ్రికాలో ఇంతగా వ్యాపించి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

చెరపట్టబడిన ఆ ప్రజల పేర్లు పోయినవి, భాషలు పోయినవి, ఊళ్ళు పోయినవి. వారు ఎక్కడివారో తెలిపే గుర్తు ఒకటి మాత్రము రక్తములో మిగిలిపోయింది. నేడు ఇటలీలో, స్పెయినులో పండ్లతోటలలో పనిచేయడానికి పశ్చిమాఫ్రికా నుండి వెళ్ళే కూలీల రక్తములో ఇ తెగ కనబడుచున్నది. అప్పుడు బలవంతపు ప్రయాణము, ఇప్పుడు ఆకలి ప్రయాణము. రక్తములో మోసుకొని వెళ్ళేది ఎవరూ కోరుకొన్నది కాదు.

వలస కుటుంబాలలో ఎందుకు ఎక్కువ?

1975 తరువాత వియత్నాం, లావోస్, కంబోడియా దేశాల నుండి యుద్ధము వలన పారిపోయి లక్షలాది శరణార్థులు అమెరికాకు చేరారు. వారి రక్తమును పరీక్షించగా నూటికి పదిమందికి పైగా ఈ వైరస్ కనబడింది. అమెరికాలో మొత్తము ప్రజలను లెక్కిస్తే నూటికి ఒక్కరికి కూడ లేదు. ఆసియా సంతతివారు ఆ దేశ జనాభాలో కొద్ది భాగమే అయినా, హెపటైటిస్ బి దీర్ఘకాలముగా ఉన్నవారిలో సుమారు సగము మంది వారే.

కారణము ఆ జాతులలో లోపము కాదు. వారు పుట్టిన కాలములో, పుట్టిన చోట టీకా లేదు. మొదటి టీకాకు అమెరికాలో 1981లో అనుమతి వచ్చింది. తైవాను దేశము 1984లో వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు, 1986 నుండి పుట్టిన ప్రతి బిడ్డకు టీకా వేయడము ప్రారంభించింది. అంతకుముందు అక్కడ పిల్లలలో నూటికి దాదాపు పదిమందికి వైరస్ ఉండేది. ఒక తరము గడిచేసరికి అది నూటికి ఒక్కరికంటె తక్కువకు దిగింది. పిల్లలలో కాలేయ క్యాన్సరు కూడ దాదాపు సగానికి తగ్గినట్లు 1997లో ప్రకటించారు. అవే కుటుంబాలు, అదే జాతి, అదే వైరస్ తెగలు. మారినది పుట్టిన రోజున వేసిన ఒక్క సూది మాత్రమే.

తెగను బట్టి తేడా ఉన్నదా?

కొంత ఉన్నది. సి తెగవారికి బి తెగవారికంటె కాలేయ క్యాన్సరు ప్రమాదము ఎక్కువ. సి తెగ ఉన్న స్త్రీల రక్తములో వైరస్ చాలా ఏళ్ళు ఉధృతముగా ఉంటుంది. కనుక బిడ్డలను కనే వయస్సులో దానిని బిడ్డకు అందించే ప్రమాదము కూడ ఎక్కువ. ఇంటర్ ఫెరాన్ అనే ఇంజెక్షన్లు ఎ, బి తెగలకు పనిచేసినంతగా సి, డి తెగలకు పనిచేయవు. మన దేశములో డి ఎక్కువ కనుక ఇది మనకు సంబంధించిన మాటే.

ఇక్కడ ఆదరణకరమైన మాట కూడ ఉన్నది. వైరస్ ను పట్టుకొనే మామూలు రక్తపరీక్ష అన్ని తెగలనూ పట్టుకొంటుంది. నేడు ఎక్కువగా ఇచ్చే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు అన్ని తెగల మీద పనిచేస్తాయి. టీకా అన్ని తెగల నుండి కాపాడుతుంది. కనుక పల్లెలోని రోగి "నాది ఏ తెగ?" అని దిగులుపడి డబ్బు తగలేయనక్కరలేదు. అవసరమైతే డాక్టరు గారే ఆ పరీక్ష వ్రాస్తారు.

లాస్ ఏంజలీసు సంఘాలు చేసిన పని

అమెరికాలోని కొరియావారిలో క్రైస్తవులు బహుమంది. ఆదివారము వస్తే సంఘమే వారికి సొంత ఊరు. అక్కడ వారి భాష వినబడుతుంది, వారి వంట దొరుకుతుంది, పెండ్లి సంబంధాలు కుదురుతాయి. అదే సంఘములో హెపటైటిస్ బి మాట ఎత్తాలంటే భయము. మన ఊళ్ళ సంగతికి దానికి ఏమంత తేడా?

లాస్ ఏంజలీసులో వైద్య పరిశోధకులు 52 కొరియా సంఘాలతో కలిసి ఒక ప్రయత్నము చేశారు. అంతకుముందు ఎన్నడూ పరీక్ష చేయించుకోని విశ్వాసులను ఎన్నుకొన్నారు. కొన్ని సంఘాలలో వారిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, కొరియా భాషలోనే ఈ వ్యాధి సంగతి మాట్లాడారు. మిగిలిన సంఘాలలో అలా మాట్లాడలేదు. ఆరు నెలల తరువాత చూడగా, మాట్లాడిన సంఘాలలో నూటికి 19 మంది పరీక్ష చేయించుకొన్నారు. మాట్లాడని చోట నూటికి ఆరుగురు మాత్రమే. ఈ ఫలితాలు 2015లో వెలువడినవి.

19 అనేది పెద్ద సంఖ్య కాదని ఎవరైనా అనవచ్చు. కాని ఒక్క పూట సొంత భాషలో, సొంత సంఘములో కూర్చొని మాట్లాడినందుకు మూడింతల మంది కదిలారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2022లో ఈ వైరస్ తో జీవించుచున్నవారు 25 కోట్ల 40 లక్షల మంది. వారిలో తమకు ఉన్నదని ఎరిగినవారు నూటికి 13 మంది మాత్రమే. చికిత్స పొందుచున్నవారు నూటికి ముగ్గురు. మన భారతదేశములోనే దాదాపు 3 కోట్ల మందికి ఉన్నట్లు అదే సంస్థ అంచనా. ఇంతమందిని చేరడానికి ఆసుపత్రి గోడలు చాలవు. సంఘము కూడ పూనుకోవాలి.

గల్ఫు కాగితము

ఇక మన ఇంటికి వద్దాము. గల్ఫు దేశాలకు పనికి వెళ్ళేవారికి ఇక్కడే చేసే మెడికల్ పరీక్షలో హెపటైటిస్ బి కూడ ఉంటుంది. ఉన్నట్లు తేలితే సాధారణముగా 'అన్ ఫిట్' అంటారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుండి వెళ్ళే యువకులు, కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే తల్లులు, ఎందరో ఈ పరీక్షతోనే మొట్టమొదట తమ వ్యాధిని తెలుసుకొంటారు. ఆ కాగితము మీద ఒక్క ముద్ర మాత్రము ఉంటుంది. తరువాత ఎక్కడకు వెళ్ళాలో, ఇంటివారికి ఏమి చేయించాలో చెప్పే మాట ఉండదు. అప్పు మిగులుతుంది, ఊరిలో నింద మిగులుతుంది. అమెరికావంటి దేశములో వలస వీసాకు ఈ వ్యాధి అడ్డు కాదు. కనుక ఒక దేశము వద్దన్నంత మాత్రాన మనిషి పనికిరానివాడైపోడు.

మరి కొందరు ఆ కాగితమును దాచి, మళ్ళీ మళ్ళీ ఏజెంట్లకు డబ్బు పోస్తారు. లేకపోతే పసరు వైద్యుని దగ్గరకు పరుగెత్తుతారు. ప్రియులారా, పసరుతో ఈ వైరస్ పోదు. కొన్ని ఆకు మందులు కాలేయానికే చేటు చేస్తాయి. చేతి మీద వాతలు పెట్టించుకొంటే మిగిలేది మచ్చ మాత్రమే. లోపల కాలేయము గట్టిపడి, కడుపులో నీరు చేరి, లేక క్యాన్సరు పుట్టి, నలభై యాభై ఏళ్ళ వయస్సులో ఇంటి పెద్ద పోయేవరకు ఈ వ్యాధి మౌనముగానే ఉండగలదు.

మన కుటుంబాలు చేయవలసినవి

మొదటిది, గర్భవతిగా ఉన్న ప్రతి స్త్రీకి ఈ పరీక్ష చేయించండి. తల్లికి ఉన్నా బిడ్డను కాపాడవచ్చు. పుట్టిన 24 గంటలలోపు బిడ్డకు హెపటైటిస్ బి టీకా పడాలి. తల్లికి వైరస్ ఉంటే, దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే మరొక ఇంజెక్షన్ కూడ డాక్టర్లు వేస్తారు. వైరస్ బాగా ఎక్కువగా ఉన్న తల్లికి గర్భము చివరి నెలలలో మాత్రలు ఇస్తారు. టీకా పడిన బిడ్డకు తల్లి పాలు నిర్భయముగా ఇవ్వవచ్చు. మిగిలిన డోసులు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో ఉంటాయి. ఇవి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. కాన్పు ఇంటి దగ్గర జరిగితే మొదటి డోసు జారిపోతుంది. కనుక కాన్పు ఆసుపత్రిలోనే జరగనివ్వండి.

రెండవది, ఇంటిలో ఒకరికి ఉన్నట్లు తెలిస్తే అందరూ పరీక్ష చేయించుకోవాలి. వైరస్ ఇప్పుడు ఉన్నదా, ఎప్పుడైనా సోకి పోయిందా, టీకా రక్షణ ఉన్నదా అనే మూడు సంగతులు రక్తపరీక్షలో తెలుస్తాయి. లేనివారు టీకా వేయించుకోవాలి. పెద్దవారికి మొదటి రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరవ నెలకు ఒకటి, మొత్తము మూడు డోసులు. ఒకప్పుడు విదేశీ టీకా డోసు వందల రూపాయలు పలికేది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ మన దేశములో మొదటిసారిగా జన్యు సాంకేతిక పద్ధతిలో ఈ టీకాను తయారుచేసింది. అప్పటి నుండి ధర సామాన్యునికి అందుబాటులోనికి దిగింది.

మూడవది, ఉన్నవారు ఆరు నెలలకొకసారి డాక్టరు గారిని కలవాలి. అందరికీ వెంటనే మందులు అవసరముండవు. అవసరమైనవారు డాక్టరు చెప్పకుండా మాత్రలు మానకూడదు. సారా, బ్రాందీ ముట్టకూడదు. రక్తదానము చేయకూడదు. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితముగా ఇస్తున్నారు. జిల్లా ఆసుపత్రిలో విచారించండి.

నాలుగవది, సూది విషయములో మొహమాటము వద్దు. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు గారైనా సరే, కొత్త సిరంజి మీ కళ్ళ ముందు విప్పమని అడగండి. 2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతములో వాడిన సూదులే మళ్ళీ వాడడము వలన ఈ వ్యాధి చెలరేగి అనేకులు మరణించారు. మంగలి షాపులో కొత్త బ్లేడు వేయించుకోండి. ఒకరి రేజరు, పళ్ళ బ్రష్షు మరొకరు వాడవద్దు. ఈ వైరస్ ఆరిన రక్తపు మరకలో కూడ వారము రోజులు బ్రతుకుతుంది.

ఇక దేనివలన అంటుకోదో కూడ చెప్పాలి. ఒకే కంచములో తిన్నందువలన అంటుకోదు. కౌగిలించుకొన్నందువలన, దగ్గినందువలన, ఒకే బావి నీరు త్రాగినందువలన అంటుకోదు. ప్రభు బల్ల గిన్నె వలన అంటుకోదు. పెండ్లికి కూడ ఇది అడ్డు కాదు. నిజము దాచకుండా చెప్పి, రెండవవారు ముందుగా టీకా పూర్తి చేసుకొని, రక్షణ వచ్చినదని పరీక్షలో చూచుకొంటే ఆ దంపతులు అందరివలెనే కాపురము చేయవచ్చు, ఆరోగ్యముగల బిడ్డలను కనవచ్చు.

ఆ తల్లికి జవాబు

ఆ రోజు గుమ్మములో కూర్చున్న తల్లికి పాస్టరు గారు, డాక్టరు గారు కలిసి చెప్పిన మాట ఇది. "అమ్మా, బిడ్డలకు ఇది నీ నుండే వచ్చి ఉండవచ్చు. నీకు బహుశః నీ తల్లి నుండి వచ్చింది, లేక చిన్నప్పుడు ఏ సూది వలననో వచ్చింది. నీవు కన్నప్పుడు పల్లెలో ఈ టీకా లేదు, పరీక్ష లేదు. ఇందులో నీ పాపమేమీ లేదు. ఇప్పుడు తెలిసింది కనుక చేయవలసిన పని ఉన్నది." ఆమె చాలాసేపు ఏడ్చి, తరువాత కొంగుతో ముఖము తుడుచుకొని, "అయితే కోడలు వచ్చాక మనుమడికి పుట్టగానే వేయించాలన్నమాట" అన్నది. చదువులేని ఆ తల్లి మొత్తము సంగతిని ఒక్క మాటలో గ్రహించింది.

ఇప్పుడు తల్లి మాత్రలు వాడుచున్నది. కుమారులిద్దరూ ఆరు నెలలకొకసారి పరీక్షకు వెళ్తున్నారు. పెద్దవాడు ఆటో నడుపుకొంటున్నాడు. పొలము తాకట్టు ఇంకా విడిపించలేదు. చెల్లెలు మూడు డోసులు వేయించుకొన్నది. ఆమెకు వ్యాధి లేకపోయినా సంబంధము ఇంకా కుదరలేదు. ఆ భారము ఆ కుటుంబానిది మాత్రమే కాదు, దూరము జరిగిన మనందరిది.

మన ప్రభువు కుష్ఠరోగిని దూరము నుండి మాటతోనే బాగుచేయగలిగి ఉండి కూడ చెయ్యి చాపి ముట్టాడు. మోయాబు నుండి వలస వచ్చిన రూతును బేత్లెహేము తన పొలములో పరిగె ఏరుకోనిచ్చింది. ఆమె వంశములోనే దావీదు పుట్టాడు. పరదేశిని, రోగిని చేర్చుకోవడము మనకు కొత్త బోధ కాదు. మరచిపోయిన పాత బోధ.

ఈ నెలలో మీ స్త్రీల సమాజములోను, యౌవనస్థుల కూటములోను ఒక్క గంట ఈ సంగతి మాట్లాడండి. దగ్గరలోని నర్సమ్మనో, డాక్టరు గారినో పిలవండి. ఎవరికి ఉన్నదో అందరి ముందు అడగవద్దు. పరీక్ష ఎక్కడ చేస్తారో, టీకా ఎక్కడ వేస్తారో చెప్పండి. గల్ఫుకు వెళ్ళబోయే పిల్లలు మీ సంఘములో ఉంటే, ఏజెంటుకు డబ్బు కట్టక ముందే ఈ ఒక్క పరీక్ష చేయించుకోమనండి. 'అన్ ఫిట్' కాగితముతో తిరిగి వచ్చినవాడు ఉంటే, మొదట అతని ఇంటికి మీరే వెళ్ళండి.

మొన్న మొదటి ఆదివారము మేము మళ్ళీ ఆ గ్రామానికి వెళ్ళాము. ప్రభు బల్ల వద్ద ఆ యువకుడు ఎప్పటివలె వరుస చివర మోకరించాడు. ఈసారి మేము వెళ్ళి అతని ప్రక్కన మోకరించాము. గిన్నె అతని చేతి నుండి మా చేతికి వచ్చింది.